కోలాటపు సాధన

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ నున్న పల్లపు నేలయే దివిసీమ. హంసలదీవికి చేరువనున్న కోడూరు ఆ సీమలోనిదే. ఇట్టి పల్లెలలో పొలము పనులు ముగిసిన పిదప జనులు కూడి కోలాటము నభ్యసించుట పూర్వమునుండి వచ్చిన వాడుక.

ఈ సాధనలో వ్రాతప్రతితో పనిలేదు. గురువు తాళము వేయుచు ఒక చరణము పాడును. తక్కినవారు దానినందుకొని పాడుచు, వలయముగా తిరుగుచు, జతవారితో కోలలు తాకింతురు. ఈ అడుగుల వరుసకు కోపు అని పేరు. కోపు మొదట నెమ్మదిగా సాగి, పిమ్మట వేగమందుకొనును.

జడకోలాటము మరింత కష్టమైనది. పైనుండి వ్రేలాడు త్రాళ్లను తలకొకటి చొప్పున పట్టుకొని, ఒకరినొకరు దాటుచు జడ యల్లుదురు. మరల వెనుకకు తిరిగి దానిని విప్పుదురు. ఒక్కరు అడుగు తప్పినను త్రాళ్లు చిక్కుపడును, అందరును ఆగవలసినదే.

నేదునూరి గంగాధరముగారి వంటి వారు జానపదగేయములను సేకరించి ‘మిన్నేరు’ మొదలగు సంపుటములుగా వెలువరించిరి. గ్రంథము మాటలను కాపాడును. బాణీ, అడుగు మాత్రము మనుష్యులనుండి మనుష్యులకే రావలెను.

1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొన్నది. ఒక్కరే యెరిగిన పాట ఆ ఒక్కరితోనే పోవును. పదిమంది నేర్చిన పాట మిగిలినవారి కంఠములలో నిలుచును. కావున సాయంకాలపు సాధన వేడుక మాత్రమే కాదు. అది పాటకు ప్రాణరక్షణ.