అదురును కంప్యూటర్ లెక్కగడతది.. ఆపుడు మనిషి చేతిలనే ఉంటది

బొగ్గు మండుతది, నీళ్లు ఆవిరైతయి, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతది, కరెంటు వస్తది. ఇంతవరకు అందరం బడిల చదువుకున్నదే. కానీ టన్నులకు టన్నుల బరువున్న ఆ ఇనుప రోటర్‌ను అదరకుండ ఎట్ల తిప్పుతరో పుస్తకాలు చెప్పయి. రామగుండం, కొత్తగూడెం, భూపాలపల్లి దిక్కు తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇది తెలుసుకోవాలె. ప్లాంటుల యంత్రం పక్కన నిలబడి పనిచేసేది మనోళ్లే గదా.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ లెక్క కుదరాలంటే బొగ్గు ప్లాంట్లల్ల పెద్ద టర్బైన్లు నిమిషానికి 3000 చుట్లు తిరగాలె. రోటర్ నడిమి నుంచి అర మీటరు దూరంల ఒక పక్కకు 100 గ్రాముల బరువు ఎక్కువుందనుకో. ఆగి ఉన్నప్పుడు ఏం తెల్వది. 3000 చుట్ల మీద అదే 100 గ్రాములు దాదాపు 500 కిలోల బలంతోని రోటర్‌ను బయటికి గుంజుతది. అది కూడా ఒక్క దిక్కుకు గాదు, సెకనుకు 50 సార్లు చుట్టూ తిరుగుకుంట గుంజుతది. వేగం రెండింతలైతే గుంజుడు నాలుగింతలైతది. ఆ దెబ్బంతా బేరింగుల మీద, బోల్టుల మీద, పునాది మీద పడతది.

అందుకే కొలత మస్తు కఠినంగా ఉంటది. ఆవిరి టర్బైన్లకు అంతర్జాతీయ ప్రమాణం చెప్పే తరగతి జి 2.5. అంటే 3000 చుట్ల మీద రోటర్ బరువు కేంద్రం నడిమి గీత నుంచి 8 మైక్రాన్లకు మించి జరగొద్దు. మన తలవెంట్రుక మందంల అది పదో వంతు.

సైకిల్ చక్రాన్ని లేపి తిప్పి వదిలితే బరువున్న పక్క కిందికొచ్చి ఆగుతది. ఇది స్టాటిక్ లెక్క. పొడుగు రోటర్‌కు ఇది సరిపోదు. ఒక కొసకు పైపక్క బరువు, ఇంకో కొసకు కిందిపక్క అంతే బరువు ఉన్నదనుకో, ఆగినప్పుడు అంతా సమానంగనే కనిపిస్తది. తిప్పితే రెండు కొసలు చెరో దిక్కుకు గుంజి ఊపుతయి. తిప్పి కొలిస్తేనే ఈ తేడా దొరుకుతది. దీన్ని సరిచేసుడే డైనమిక్ బ్యాలెన్సింగ్.

పద్ధతి ఇట్లుంటది. బేరింగుల కాడ సెన్సర్లు పెడతరు. అదురు ఎంతున్నది, రోటర్ ఏ కోణంల ఉన్నప్పుడు ఎక్కువైతున్నది, రెండూ రాసుకుంటరు. తర్వాత ఆపి, తెలిసిన బరువొకటి పెట్టి మళ్ల తిప్పుతరు. రెండు కొలతల తేడా నుంచి అసలు బరువు ఎంత, ఎక్కడ పెట్టాల్నో లెక్క తేలుతది. రెండు కొసలకు కలిపి ఈ లెక్క చేసే పద్ధతిని అమెరికా ఇంజినీర్ థియర్ల్ 1934ల అచ్చేసిండు. అప్పుడు కాగితం మీద గీసిన లెక్కను ఇప్పుడు కంప్యూటర్ క్షణంల చేస్తది. పాత కొలతలు దాచిపెట్టుకుంటే పరీక్ష బరువు పెట్టే పని కూడా తగ్గుతది. కొన్ని పెద్ద ఫ్యాన్లకు ఇంకో ఏర్పాటు ఉంటది. షాఫ్టు మీది రింగుల బరువులను విద్యుత్ అయస్కాంతంతోని జరిపి, ఫ్యాన్ తిరుగుతుండంగనే సరిచేస్తది. పొగను గుంజే ఐ.డి. ఫ్యాన్లకు ఇటువంటి అవసరం ఎక్కువ. బూడిద రెక్కలను అరగదీస్తది, అంటుకుంటది, ఒక పక్క పెచ్చు రాలితే బ్యాలెన్స్ ఒక్కసారిగ పోతది.

అయితే అదురంతా బరువు తేడా వల్లనే రాదు. షాఫ్టులు ఒక గీతల లేకున్నా, బోల్టులు వదులైనా, బేరింగ్ పాడైనా యంత్రం అదురుతది. కారణం చూడకుండ బరువు పెట్టి అంకె తగ్గించుకుంటే, రోగం చూడకుండ జరం గోలి మింగినట్టే.

అంకెను పట్టించుకోకపోతే ఏమైతదో రష్యాల చూసినం. సైబీరియాల యెనిసెయ్ నది మీద సయానో-షుషెన్‌స్కాయ జలవిద్యుత్ కేంద్రం ఉన్నది. 10 యూనిట్లు, 6400 మెగావాట్లు. 2009 ఆగస్టు 17 పొద్దుగాల 2వ యూనిట్ టర్బైన్ మూత బోల్టులు తెగినయి. నీళ్లు ఎగదన్ని మెషిన్ హాలు మునిగింది. 75 మంది చనిపోయిండ్రు. అక్కడి అదురు ఉత్త బరువు తేడాది గాదు. కొన్ని లోడ్ల మీద నీటి ప్రవాహమే టర్బైన్‌ను కొడతది. గ్రిడ్ కోసం పవర్ పెంచుడు, తగ్గించుడుల యూనిట్ ఆ ప్రమాదపు లోడ్లను పదే పదే దాటింది. అదురుకు బోల్టులు అలసి పగిలినయని విచారణల తేలింది. అదురును ఎప్పటికప్పుడు చూసే ఏర్పాటు ఆ యూనిట్‌కు పెట్టిండ్రు గానీ వాడకంలకు తేలే.

సెన్సర్ కొనుడు సులువే. అంకె గీత దాటినప్పుడు, యూనిట్ ఆపితే ఉత్పత్తి పోతదని తెలిసి కూడా ఆపుడే కష్టం. అందుకే మనం అడగాల్సినవి రెండున్నయి. అదురు అంకెలు కంట్రోల్ రూముల స్క్రీన్ మీదనే ఉండొద్దు, యంత్రం కాడ పనిచేసే కాంట్రాక్ట్ కార్మికునికి కూడా కనబడాలె. గీత దాటితే "ఆపుండ్రి" అన్నోని కొలువు పోవద్దు.

ఇక చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. వైబ్రేషన్ కొలుసుడు ఇప్పుడు ఒక వృత్తి. ఐఎస్ఓ 18436-2 ప్రమాణంల దీనికి నాలుగు కేటగిరీలున్నయి. ఐటీఐ, డిప్లొమా చేసినోళ్లు మొదటి మెట్టు నుంచి ఎక్కొచ్చు. పానా పట్టుడు మనకు ఎట్లాగూ వస్తది. ఆ అంకె చదువుడు కూడా నేర్చుకుందాం.