ఒక సినిమా, నలుగురు దర్శకులు: కథ ఎవరిది?

కథా సంకలనం అంటే మన డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. పదిమంది రచయితల కథలు ఒకే అట్ట మధ్య ఉంటాయి. సినిమాలో అదే పని చేస్తే ఆంథాలజీ అంటారు. విడివిడి కథలు, విడివిడి పాత్రలు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. క్రిష్ తీసిన 'వేదం' (2010) ఈ కోవలోకి రాదు. అందులో ఐదుగురి కథలు చివరికి ఒకే ఆస్పత్రిలో కలుస్తాయి. ఆంథాలజీలో కథలు కలవక్కర్లేదు, కలిపే దారం ఒకటి ఉంటే చాలు.

ఫ్రెంచివాళ్లకు ఇది పాత అలవాటు. 2006లో వచ్చిన 'పారిస్, జ తేమ్'లో 18 చిన్న కథలున్నాయి. ఒక్కోటి పారిస్‌లోని ఒక్కో పేటలో జరుగుతుంది. మొత్తం రెండు గంటలే కాబట్టి ఒక్కో కథకు ఆరేడు నిమిషాలు దక్కుతాయి. ఒకటి నవ్విస్తే ఇంకొకటి గొంతులో ఏదో అడ్డం పడేలా చేస్తుంది. దర్శకులు రకరకాల దేశాలవాళ్లు. వాళ్లను కలిపిన దారం ఆ ఊరు, ప్రేమ.

మా అమ్మది కన్నడ, నాన్నది తెలుగు. రాయచూరులో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. అందుకే రెండు వైపులా వెతికాను. కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ 1976లోనే 'కథాసంగమ' తీశారు. మూడు కథలు, దర్శకుడు మాత్రం ఒక్కరే. అందులో 'మునితాయి' కథలో రజనీకాంత్ కనిపిస్తారు. 2019లో అదే పేరుతో ఏడుగురు దర్శకులు ఏడు కథలు తీసి, ఆ సినిమాను పుట్టణ్ణకే అంకితమిచ్చారు.

తెలుగులో 2021 ఫిబ్రవరి 19న నెట్‌ఫ్లిక్స్‌లో 'పిట్టకథలు' వచ్చింది. తరుణ్ భాస్కర్ 'రాముల', నందినీ రెడ్డి 'మీరా', నాగ్ అశ్విన్ 'ఎక్స్ లైఫ్', సంకల్ప్ రెడ్డి 'పింకీ' తీశారు. నాలుగింటికీ దారం ఆడవాళ్ల జీవితాలే.

పేరు చూస్తే నవ్వుల సినిమా అనిపిస్తుంది. హరికథలో జనం కునికిపాట్లు పడుతుంటే దాసుగారు అసలు కథ ఆపి చెప్పే చిన్న కథే కదా పిట్టకథ! 'రాముల' కూడా టిక్‌టాక్ వీడియోల సరదాతోనే మొదలవుతుంది. చివరికి నవ్వు మిగలదు.

ఇక్కడ నాకు మన భారతం గుర్తొచ్చింది. అరణ్యపర్వంలో ధర్మరాజుకు నలుడి కథ బృహదశ్వుడు చెప్తాడు, సావిత్రి కథ మార్కండేయుడు చెప్తాడు. తెలుగులో ఆ పర్వం రాసిన చేతులు కూడా రెండు. నలుడి కథ నన్నయ భాగంలో ఉంది, సావిత్రి కథ ఎర్రన భాగంలో ఉంది. కానీ ఎర్రన తన పేరు ముందుకు తోసుకోలేదు. నన్నయ రాస్తున్నట్టే రాసి, రాజరాజ నరేంద్రుడికే అంకితమిచ్చాడు. అంటే అతుకు కనపడకుండా కుట్టాడు. ఆంథాలజీ సినిమా దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అతుకు మీదే దర్శకుడి పేరు వేసి, ఇక్కడి నుంచి చెప్పే మనిషి మారాడని మనకు చూపిస్తుంది.

ఆ పేర్లు కనపడతాయి కాబట్టే నాకొక ప్రశ్న వచ్చింది. నాలుగూ ఆడవాళ్ల కథలే, తీసిన నలుగురిలో ఆడమనిషి మాత్రం నందినీ రెడ్డి ఒక్కరే. 'మీరా'లో అనుమానపు భర్త పెట్టే నరకాన్ని ఆ ఇంట్లో, మీరా పక్కనే నిలబడి చూస్తున్నట్టుంటుంది. 'రాముల'లో నాకు ఊరూ, అక్కడి రాజకీయమూ ఎక్కువ కనిపించాయి, ఆ పిల్ల మనసు తక్కువ కనిపించింది. మగవాళ్లు ఆడవాళ్ల కథ చెప్పకూడదని నేననను. దమయంతి కథ, సావిత్రి కథ మనకు అందించినవాళ్లు మగవాళ్లే. కానీ ఒక్కరే తీసిన సినిమాలో ఈ తేడా పట్టుకోవడం కష్టం. పక్కపక్కన పెడితే దాక్కోలేదు. నలుగురు దర్శకులు ఉండటం వల్ల మనకు దొరికే లాభం ఇదే.

మీరూ చూడండి. ఏ కథ బాగుంది, ఏది బాగాలేదు అన్నదాంతో ఆపకండి. రాముల తన కథ తానే చెప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టేది? సినిమా ఆపిన చోటే ఆపేదా?