తంగేడు: పప్పుజాతి కుటుంబంలో బుడిపెలు లేని పొద

భాద్రపదం ముగిసే వేళకు తెలంగాణ పల్లెల చుట్టూ ఉన్న గుట్టవాలులు, చెరువు కట్టలు, బంచరాయి భూములు పసుపుపచ్చగా కనిపిస్తాయి. తంగేడు (సెన్నా ఆరిక్యులేటా) భారతదేశం, శ్రీలంకలలోని పొడి ప్రాంతాలకు చెందిన స్వదేశీ పొద. తరచుగా నరికే చోట నడుమెత్తు దాటదు. ఆకు మొదట చెవి ఆకారంలో ఉండే వెడల్పాటి పుచ్ఛాల వల్లనే దానికి 'ఆరిక్యులేటా' అనే జాతినామం వచ్చింది. బతుకమ్మలో దీనికి అగ్రస్థానం. 2014లో ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది.

ఇంత పరిచితమైన మొక్క విషయంలోనూ ఒక పొరపాటు మాత్రం పాఠాలలోనూ, రైతు శిక్షణలలోనూ వినిపిస్తూనే ఉంటుంది. తంగేడు పప్పుజాతి కుటుంబానికి చెందినది కాబట్టి గాలిలోని నత్రజనిని నేలలో స్థిరీకరిస్తుందని చెబుతారు. తల్లివేరును జాగ్రత్తగా తవ్వి చూస్తే వేరుబుడిపెలు కనిపించవు. ఒకప్పుడు దీనితోపాటు కాసియా ప్రజాతిలోనే లెక్కించిన ఖమీక్రిస్టా మొక్కలకు బుడిపెలుంటాయి, సెన్నాలకు ఉండవు. ఆకులో నత్రజని ఉండటం వేరు, దానిని గాలి నుండి గ్రహించడం వేరు.

ఈ భేదం కేవలం పుస్తక విషయం కాదు. వరి మడిలో తంగేడు రొట్ట తొక్కినప్పుడు పొలానికి అందే పోషకాలు ఆ పొద బీడు నేల నుండి కూడబెట్టుకున్నవే. అంటే పచ్చి ఆకు ఎరువు రూపంలో సారం గుట్ట నుండి మడికి తరలుతున్నది. ఏటేటా ఒకే చోట మొదలంటా కోస్తే ఆ బీడు చిక్కిపోతుంది. జనుము, జీలుగ గురించి చెప్పే మాటలను తంగేడుకు యథాతథంగా అన్వయించరాదు.

తంగేడు ఆకును పశువులు సాధారణంగా ముట్టవు. అందుచేత అతిగా మేసిన బంచరాయిలో గడ్డి పోయి తంగేడు మిగులుతుంది. దానిని చూసి 'పనికిరాని పొద' అని యంత్రంతో పెకలించడం తొందరపాటు. ఆ ఎర్ర చల్కా వాలులో వాననీటి వేగాన్ని అడ్డుకునేది చాలాచోట్ల అదొక్కటే. పువ్వులో మకరందం ఉండదు. పరాగకోశాల కొనలలోని రంధ్రాల నుండి పుప్పొడి రాలాలంటే వడ్రంగి తుమ్మెదల వంటివి పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో కంపింపజేయాలి. కాటోప్సిలియా సీతాకోకచిలుకల గొంగళిపురుగులు దీని ఆకులు తిని పెరుగుతాయి.

బెరడులో సుమారు 18 శాతం టానిన్ ఉంటుంది. మద్రాసు తోళ్ల పరిశ్రమ ఒకనాడు దీనిపైనే ఎక్కువగా ఆధారపడింది; దక్షిణాఫ్రికా వాటిల్ బెరడు దిగుమతి పెరిగాక ఆ గిరాకీ తగ్గింది. బెరడు ఒలిచే ఒత్తిడి తగ్గినా, గట్లు చదునై, బీళ్లు ప్లాట్లయి, ఆ పొద నిలిచే చోటే కరిగిపోతున్నది.

రొట్టకోసమైతే కొమ్మలను కోసి మోడును వదలాలి. అది తిరిగి చిగురిస్తుంది. పండుగకు పూలు కోసేటప్పుడు కొమ్మలు విరవకుండా, కొన్ని పొదలనైనా కాయ ముదిరేవరకు విడిచిపెట్టాలి. విత్తనపు పైపొర గట్టిది. ఇసుకతో రుద్దిగాని, వేడినీటిలో పోసి రాత్రంతా నాననిచ్చిగాని తొలకరి పదునులో గట్ల వెంట విత్తితే మొలక బాగా వస్తుంది.