సోడాబుడ్డి లెక్క

మా పిన్ని కూతురు రెండేళ్ళు బోర్డు కనబడకుండానే చదివేసింది. పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకునేదట. పదో తరగతి మధ్యలో దొరికిపోయింది. పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకీ మైనస్ నాలుగు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అని పిన్ని ఒకటే ఏడుపు. అది నాతో మాత్రం చెప్పింది: "సోడాబుడ్డి అంటారన్నయ్యా."

ఎనిమిదో తరగతి నుంచీ కళ్ళజోడు పెట్టుకుంటున్నవాణ్ణి కాబట్టి ఫ్రేము కొనిపించే పని నా మీద పడింది. ఇంట్లో తమ్ముడో చెల్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఆ సోడాబుడ్డి సంగతే తేలుద్దాం. మైనస్ లెన్సు మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. మధ్య నుంచి ఎంత దూరం వెళ్తే ఆ దూరం వర్గంతో మందం పెరుగుతుంది. అంటే ఫ్రేము కాస్త పెద్దదైనా అంచు బాగా లావెక్కుతుంది. మా చెల్లి మొదట ఎత్తుకున్నది రీల్సులో చూసిన పెద్ద గుండ్రటి ఫ్రేమే!

ఫ్రేము కాడ లోపలివైపు మూడు అంకెలుంటాయి. 54, 18, 140 అంటే లెన్సు వెడల్పు, ముక్కు మీది వంతెన, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 72. చెల్లి కంటిపాపల మధ్య దూరం 60. తేడా 12, కాబట్టి ఒక్కో లెన్సు కేంద్రాన్ని 6 మి.మీ. ముక్కువైపు జరపాలి. అప్పుడు బయటి అంచు కేంద్రానికి 27+6, అంటే 33 మి.మీ. దూరం. మామూలు ప్లాస్టిక్ లెన్సులో (వక్రీభవన గుణకం 1.5) అక్కడ మధ్యకంటే సుమారు 4.4 మి.మీ. మందం ఎక్కువ. అదే 48, 18 ఫ్రేములో ఆ దూరం 27, అదనపు మందం 2.9 మాత్రమే. పెద్ద ఫ్రేములో ఖరీదైన 1.67 లెన్సు వేయించినా 3.3కి దిగుతుంది, అంతే. చిన్న ఫ్రేములో చవక లెన్సే గెలిచింది! మిగిలిన మందాన్ని చుట్టూ ఉండే ప్లాస్టిక్ రిమ్ము దాచేస్తుంది. రిమ్ము లేని ఫ్రేములో అంచంతా బయటే కనబడుతుంది.

"ఎదిగే పిల్ల, కాస్త లూజుగా తీసుకుందాంరా" అంది పిన్ని, యూనిఫాం కొంటున్నట్టు. లూజుగా ఉంటే ముక్కు చివరికి జారుతుంది, కన్ను లెన్సు కేంద్రంలోంచి చూడదు. పైగా ఈ వయసులో సైటు పెరుగుతూనే ఉండొచ్చు, లెన్సులు ఎలాగూ మార్చాల్సిందే. ఫ్రేము మీద వేలకు వేలు పోయడం దండగ.

గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రటిది అని చార్టులుంటాయి. తప్పని కాదు గానీ, నా లెక్కలో అది తర్వాతి మాట. ఫ్రేము వెడల్పు కణతల దగ్గర ముఖంతో సమానంగా ఉండాలి, కళ్ళు లెన్సు మధ్యకి దగ్గరగా పడాలి, పై అంచు కనుబొమల తీరుని అనుసరించాలి. ముక్కు వంతెన చదునుగా ఉన్నవాళ్ళకి ప్యాడ్లున్న ఫ్రేము మేలు, వంచి సరిచేయొచ్చు. ఇంకోటి, పెట్టుకుని గట్టిగా నవ్వించండి. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేముని పైకి తోస్తే అది వద్దు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. మైనస్ నాలుగు కంటికి అద్దాల్లేకుండా పాతిక సెంటీమీటర్లు దాటితే అంతా మసకే. షాపులో ఫ్రేముకి ఉండేది పవర్ లేని ప్లాస్టిక్. మరి అద్దంలో తన ముఖం తనకేం కనిపిస్తుంది? పాపం, చెల్లి ఊరికే తలూపుతోంది. అందుకే ప్రతి ఫ్రేముకీ ఎదుట నుంచొకటి, పక్క నుంచొకటి ఫోన్లో ఫోటో తీశాను. ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని తనే చూసుకుంది. నల్లది పెడితే హెడ్ మాస్టర్లా ఉన్నానంది, పిన్నికి నచ్చిన బంగారు రంగుని తిప్పికొట్టింది. చివరికి ముదురు గోధుమరంగు, 48, ప్యాడ్లతో. నాకైతే నీలం నచ్చింది, నోరు మూసుకున్నాను. రోజూ పెట్టుకోవాల్సింది అది కదా.

వారం తర్వాత ఫోన్ చేసి, కాడ చెవి వెనక గుచ్చుకుంటోందంది. కొన్న షాపులోనే వేడిచేసి వంచి ఇచ్చారు, డబ్బులేం తీసుకోలేదు. బంగారు రంగుదైతే బావుండేదని పిన్ని ఇప్పటికీ అంటూనే ఉంది.