వెన్ను విరిగినా.. బంతి వదల్లేదు!

23 ఏళ్లకే ముగిసిన టెస్టులు.. ఏళ్ల తరబడి విరామం.. అయినా మళ్లీ మైదానంలోకి
చెన్నై పేసర్ బాలాజీ కథ.. మన ఇంటి బౌలర్లకూ పాఠమే

చెపాక్ స్టేడియం.. 2008 మే 10. ఐపీఎల్ పుట్టి నెల కూడా కాలేదు. చెన్నైతో పంజాబ్ ఆడుతోంది. బంతి లక్ష్మీపతి బాలాజీ చేతిలో ఉంది. ఇర్ఫాన్ పఠాన్ ఔట్. తర్వాతి బంతికి పీయూష్ చావ్లా ఔట్. ఆ వెంటనే వీఆర్వీ సింగ్ కూడా! ఐపీఎల్ చరిత్రలో అదే తొలి హ్యాట్రిక్. ఆ రోజు అతడు 24 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు.

స్టేడియంలో ఉన్నవాళ్లకు కనిపించింది మూడు బంతులే. బాలాజీకి మాత్రం వాటి వెనుక దాదాపు మూడేళ్ల ఎదురుచూపు ఉంది. నడుం దగ్గర వెన్నుకు పగులు వచ్చి, 'ఇక ఇతని పని అయిపోయింది' అని చాలామంది అనుకున్న రోజులవి.

నవ్వుతో మనసు దోచాడు
బాలాజీ 1981లో చెన్నైలోనే పుట్టాడు. 2002లో వెస్టిండీస్‌పై తొలి వన్డే, 2003లో న్యూజిలాండ్‌పై తొలి టెస్టు ఆడాడు. అతని పేరు ఇంటింటికీ తెలిసింది మాత్రం 2004లో, పాకిస్థాన్ పర్యటనతో. వన్డేల్లో షోయబ్ అక్తర్ లాంటి వాడి బంతిని సిక్సర్ కొట్టి ముసిముసిగా నవ్వుతుంటే పాకిస్థానీ ప్రేక్షకులు సైతం చప్పట్లు కొట్టారు. రావల్పిండి టెస్టులో 7 వికెట్లు పడగొట్టాడు. పాక్ గడ్డపై భారత్ తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది అప్పుడే.

మరుసటి ఏడాది పాక్ జట్టు మన దేశానికి వచ్చింది. మొహాలీ టెస్టులో తొలి ఇన్నింగ్స్‌లో 5, రెండో ఇన్నింగ్స్‌లో 4.. మొత్తం 9 వికెట్లు. ఆపై కోల్‌కతా, చివరగా బెంగళూరు. 2005 మార్చిలో చిన్నస్వామి స్టేడియంలో ఆడిన ఆ టెస్టే తన ఆఖరి టెస్టు అవుతుందని ఎవరనుకుంటారు? అప్పటికి అతని వయసు 23. ఆడింది 8 టెస్టులు, తీసింది 27 వికెట్లు. అంతలోనే నడుం మొరాయించింది.

ఏమిటీ పగులు?
డాక్టర్లు దీన్ని 'స్ట్రెస్ ఫ్రాక్చర్' అంటారు. కింద పడితేనో, బంతి తగిలితేనో ఒక్క దెబ్బకు విరిగేది కాదు ఇది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక రోజు పుటుక్కున తెగుతుంది చూడండి.. అలాంటిదే. ఫాస్ట్ బౌలర్ పరుగెత్తుకొచ్చి ముందు కాలు నేలకు తాటించినప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి పైకి తన్నుకొస్తుంది. అదే క్షణంలో నడుం వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలి తిరుగుతుంది. ఆ భారమంతా నడుం కింది భాగంలోని వెన్నుపూసల మీదే. రోజూ పదుల బంతులు, వారమంతా మ్యాచ్‌లు.. ఎముకకు కోలుకునే తీరిక దొరక్కపోతే బీట వారుతుంది. కుడిచేతి బౌలర్లకు ఎక్కువగా ఎడమ పక్కనే వస్తుంది. ఎముకలు పూర్తిగా గట్టిపడని కుర్రాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

పైకి ఏ వాపూ ఉండదు, గాయమూ కనిపించదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా దొరక్కపోవచ్చు. స్కానింగ్ తీస్తే గానీ బయటపడదు. మందు ఒక్కటే.. విశ్రాంతి. అదీ నెలల తరబడి.

లిల్లీ చూపిన దారి
ఈ బాధ పడ్డవాళ్లలో ఆస్ట్రేలియా దిగ్గజం డెన్నిస్ లిల్లీ ఒకరు. 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఆయన వెన్నుకు పగుళ్లు వచ్చాయి. ఇక బౌలింగ్ కష్టమే అన్నారు. ఆయన ఓపికగా వ్యాయామాలు చేసి, ఒంటిని మళ్లీ గట్టిపరచుకుని 1974-75 యాషెస్‌కు తిరిగొచ్చారు. రిటైరయ్యే నాటికి 355 టెస్టు వికెట్లు.. అప్పట్లో అదే ప్రపంచ రికార్డు. ఆ లిల్లీయే 1987లో చెన్నై వచ్చి ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు పాఠాలు మొదలుపెట్టారు. మైసూరు జవగళ్ శ్రీనాథ్, మహారాష్ట్ర జహీర్ ఖాన్ లాంటి వాళ్లు అక్కడ సాన తేలినవాళ్లే. ఒకసారి వెన్ను విరిగిన మనిషే మన పేసర్లకు గురువయ్యాడన్నమాట!

తిరిగొచ్చాడు.. కానీ
హ్యాట్రిక్ తర్వాత బాలాజీకి మళ్లీ పిలుపు వచ్చింది. 2009 ఫిబ్రవరిలో శ్రీలంకపై ఒక్క వన్డే ఆడాడు. న్యూజిలాండ్ వెళ్లిన టెస్టు జట్టులోనూ చోటు దక్కింది గానీ తుది జట్టులో ఆడే అవకాశం రాలేదు. అయినా నిరాశ పడలేదు. ఒట్టి వేగాన్నే నమ్ముకుంటే లాభం లేదని గ్రహించాడు. వేగం తగ్గించి వేసే బంతులతో బ్యాట్స్‌మెన్‌ను బోల్తా కొట్టించడం మొదలుపెట్టాడు. 2011లో కోల్‌కతా నైట్‌రైడర్స్‌కు మారాక అదే అతని ఆయుధమైంది.

2012 మే 27న ఐపీఎల్ ఫైనల్. వేదిక చెపాక్, ప్రత్యర్థి చెన్నై. సొంతూళ్లో, సొంతజనం ముందు ఫైనల్! కానీ తొడ కండరం పట్టేసింది. బాలాజీ ఆడలేకపోయాడు. ఇక్కడే తమాషా జరిగింది. అతని స్థానంలో విదేశీ బౌలర్ బ్రెట్ లీని దించాల్సి వచ్చింది. నలుగురు విదేశీయులకే చోటు కాబట్టి మెకల్లమ్‌ను పక్కనపెట్టి మన్విందర్ బిస్లాను తీసుకున్నారు. ఆ బిస్లా 48 బంతుల్లో 89 పరుగులు బాదాడు. కోల్‌కతాకు తొలి కప్పు! గెలిచిన జట్టులో తానూ ఒకడే అయినా, ఆ రాత్రి బాలాజీ బంతి పట్టలేదు.

ఆఖరి ఓవర్
అదే ఏడాది సెప్టెంబరులో చెన్నైలోనే న్యూజిలాండ్‌పై తొలి అంతర్జాతీయ టీ20 ఆడాడు. ఆపై శ్రీలంకలో ప్రపంచకప్. అక్టోబర్ 2న కొలంబోలో దక్షిణాఫ్రికాతో మ్యాచ్. భారత్ సెమీస్ ఆశలు అప్పటికే ఆవిరయ్యాయి. ఆఖరి ఓవర్‌లో ప్రత్యర్థికి 14 పరుగులు కావాలి. ధోనీ బంతిని బాలాజీకిచ్చాడు. రెండు సిక్సర్లు పడ్డాయి. రెండు వికెట్లూ పడ్డాయి. ఒక్క పరుగుతో గెలుపు మనదే! భారత్ తరఫున అతను వేసిన చివరి ఓవర్ అదే.

2016లో ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు వీడ్కోలు పలికాడు. 106 మ్యాచ్‌లు, 330 వికెట్లు. వీటిలో చాలా భాగం తమిళనాడు కోసమే. తర్వాత కోల్‌కతాకు, ఆపై చెన్నైకి బౌలింగ్ కోచ్‌గా పనిచేశాడు. లిల్లీలాగే ఇతనూ గురువయ్యాడు.

మీ ఇంట్లో బౌలర్ ఉన్నాడా?
హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో సాయంత్రం మైదానానికి వెళ్తే పొడుగాటి పరుగుతో బంతి విసిరే కుర్రాడు ఒక్కడైనా కనిపిస్తాడు. స్కూల్ జట్టుకు అతనే, క్లబ్బుకు అతనే, ఆదివారం టోర్నీకీ అతనే. ఎవరి లెక్క వాళ్లది. ఆ వారంలో మొత్తం ఎన్ని బంతులు వేశాడన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఇంగ్లాండ్‌లో కుర్ర పేసర్లు రోజుకు ఇన్ని ఓవర్లకు మించి వేయకూడదని వయసును బట్టి పరిమితి ఉంది. మన దగ్గర ఆ లెక్క ఇంట్లో వాళ్లే రాసుకోవాలి.

బౌలింగ్ చేస్తే నడుం ఒక పక్క నొప్పి, వెనక్కి వంగితే పోటు, విశ్రాంతి తీసుకుంటే తగ్గి మళ్లీ బంతి పట్టగానే మొదలవడం.. ఇవి కనిపిస్తే తైలం రాసి పంపేయకండి. 'మగపిల్లాడివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా' అనకండి. ఎముకల డాక్టరుకు చూపించండి. వేసవి టోర్నీ పోతే వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. బాలాజీ ఎంత పోరాడినా, 23 ఏళ్లకు ఆగిన టెస్టు వికెట్ల లెక్క మాత్రం 27 దగ్గరే ఉండిపోయింది.