మీకు తెలుసా? క్రోషియాకు మిషన్ లేదు!

అచ్చమైన క్రోషియా అల్లికను పెద్దఎత్తున తయారుచేసే ఫ్యాక్టరీ మిషన్ ఇప్పటికీ లేదు. విశాఖలో మీరు కొన్న టేబుల్ క్లాత్ నిజంగా క్రోషియాయే అయితే, దాన్ని అల్లింది మనిషి చేతులే.

● స్వెటర్లల్లే నిట్టింగ్‌ సంగతి వేరు. దానికి 1589లోనే ఇంగ్లండ్‌లో విలియం లీ అనే మతాచార్యుడు మేజోళ్లల్లే మిషన్ తయారుచేశాడు. క్రోషియాలో ఒకే కొక్కెం సూది ప్రతి ముడికీ వేర్వేరు దిక్కుల్లో దూరి దారాన్ని లాగాలి. ఆ చేతి నేర్పు మిషన్‌కు పట్టుబడటం కష్టం. ప్రయోగశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. ‘మిషన్ క్రోషియా’ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఆ రూపు తెప్పించిన వేరే రకం అల్లికలు.

● విశాఖకు నైరుతిన, గోదావరి డెల్టాలోని నరసాపురం లేసు కూడా క్రోషియాయే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ పనిని మహిళలు ఇళ్ల దగ్గరే చేస్తూ విదేశాలకు సరుకు అందించారు. దీనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ కార్మికులపై జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు.

● కొత్తగా నేర్చుకునేవారికి ఇదో సౌలభ్యం. నిట్టింగ్‌లో సూది మీద వరుస మొత్తం ఉచ్చులుంటాయి. ఒకటి జారితే కింది వరుసలూ ఊడతాయి. క్రోషియాలో మామూలుగా ఒక్క ఉచ్చే తెరిచి ఉంటుంది. దానికో పిన్నీసు పెడితే చాలు, పని సగంలో ఆపి సంచిలో వేసుకోవచ్చు.