మూసీ ఒడ్డున ఆ రెండు భవనాలు: వాటి వెనుక ఉన్న వరద కథ తెలుసా?

హైదరాబాద్ అనగానే అందరూ చార్మినార్ దగ్గరే ఆగిపోతారు. కానీ ఇప్పటి నగరానికి ఈ రూపం ఎలా వచ్చిందో తెలియాలంటే నయాపూల్ మీద నిలబడి చూడాలి. ఒక ఒడ్డున హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. నవాబుల దర్పం కోసం కట్టారనుకుంటాం గానీ, అసలు సంగతి వేరే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేల మంది ప్రాణాలు కోల్పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలోనే ఉంది.

మళ్లీ అలాంటి విపత్తు రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో నదీ తీరం రూపురేఖలే మారిపోయాయి. హైకోర్టు, ఉస్మానియా, సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్.. వీటన్నింటిలో బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ పాత్ర ఉంది.

ఇక్కడే ఓ ఆసక్తికరమైన విషయం ఉంది. పెద్ద కోర్టు, పెద్దాస్పత్రి, రైల్వే స్టేషన్.. అప్పటి జనానికి ఇవన్నీ కొత్త. కానీ వాటికి పెట్టిన గుమ్మటాలు, కమాన్లు మాత్రం ఊళ్లో ఎప్పట్నుంచో చూస్తున్నవే. అందుకేనేమో, వందేళ్లు తిరగకుండానే అవి చార్మినార్‌కు చుట్టాల్లా కలిసిపోయాయి!

మరి ఇప్పుడు? 2020 జులై వానలకు ఉస్మానియా వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. పాత భవనం ఖాళీ చేసి తాళం వేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. హైకోర్టు కూడా రాజేంద్రనగర్ వైపు వెళ్లనుంది. అంటే రెండు ఒడ్డులూ ఒకేసారి ఖాళీ అవుతాయన్నమాట.

కూల్చివేత భయం కొత్తదేం కాదు. అసెంబ్లీ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టే కొట్టేసింది. అయితే కోర్టు ఆర్డర్ గునపాన్ని ఆపగలదు గానీ వానను ఆపలేదు కదా. సున్నంతో కట్టిన గోడకు మనుషుల అలికిడి కావాలి. తాళం వేసి వదిలేస్తే పైకప్పులో నీరు దిగుతుంది, పగుళ్లలో రావి మొక్క మొలుస్తుంది. ఆ వేరు చాలు, గోడను నిలువునా చీల్చడానికి. ఉస్మానియా పైకప్పు మీద మొక్కలు ఇప్పటికే చాలాసార్లు కనిపించాయి.